కొట్టంలో ఓటు

నా భార్య సైదమ్మ ఒక బర్రె చేతిలో ఓడిపోయింది. తేడా ఒక్క ఓటు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

ఓడించినవాడు నా మేనల్లుడు విజేందర్. చిట్యాలలో కేబుల్ వార్తలు నడుపుతాడు. వార్తలకు ఓట్లు పెట్టే తెలివి అతనికి పుట్టింది మా ఇంట్లోనే. సైదమ్మ వార్తలు ఊరికే చూసేది కాదు, చదివే పిల్లతో తగువు పెట్టుకునేది. "గా మంత్రి ముచ్చట సాలు గని, వాన ఎప్పుడొస్తదో చెప్పవే!" అని అరిచేది. అది చూసే విజేందర్, జనమే వార్తను ఎంచుకునే పద్ధతి తయారుచేశాడు. తెర మీద రెండు వార్తల పేర్లు వస్తాయి. రిమోట్‌లో ఒకటో రెండో నొక్కాలి. ఎక్కువ ఓట్లు పడ్డదే వేస్తారు. రెండోది మట్టిలో కలుస్తుంది.

మొదటి పరీక్ష మా వాడకే పెట్టాడు, సైదమ్మ సంవత్సరీకం నాడు. ఒకటి నొక్కితే సైదమ్మ. రెండు నొక్కితే గుర్వయ్య బర్రెకు పుట్టిన కవల దూడలు.

"అత్తకు ఎదురు లేదు మామా, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఆమె రోజూ తిట్టిన ఆ తెర మీద ఆమె ముఖం ఒక్కసారి చూడాలని నాకుండేది.

సాయంత్రం భోజనాలకు వాడంతా వచ్చింది. "సంవత్సరీకం అన్నం తిని, ఎవలింట్ల వాళ్లు టీవీ చూసుకుంటరా? సైదక్కను ఈడనే చూద్దం" అన్నది పక్కింటి యాదలక్ష్మి. అందరూ ఇళ్ళలో టీవీలు ఆపి వచ్చి మా టీవీ ముందు కూర్చున్నారు. అందరి తరఫునా నేను ఒకటి నొక్కాను.

విజేందర్ లెక్క మనుషులది కాదు, కేబుల్ డబ్బాలది. డబ్బాకు ఒక ఓటు. వాడంతా కలిసి సైదమ్మకు ఒకటి. భోజనానికి రాని గుర్వయ్యకు రెండు డబ్బాలున్నాయి, ఇంట్లో ఒకటి, కొట్టంలో ఒకటి. కొట్టంలోది అతను నొక్కాడో, బర్రె నొక్కిందో నాకు తెలియదు.

తెర మీద దూడలు వచ్చాయి. నా అన్నం తిన్నవాళ్ళు, "అబ్బ, ఎంత ముద్దుగున్నయో!" అన్నారు.

విజేందర్ ఫోన్ చేశాడు. "తప్పైంది మామా. వచ్చేవారం తలకో ఓటు పెట్టి అత్తను మళ్ల నిలబెడ్త."

"మీ అత్త మళ్ల నిలబడదు. ఫోన్ పెట్టు."

యాదలక్ష్మి గిన్నెలు ఎత్తుతూ నవ్వింది. "గంత కోపమెందుకు బావా? సైదక్కే ఉంటే ఏది ఒత్తేది? రెండే ఒత్తేది. గుర్వయ్యను తిట్టుకుంటనే దూడలను చూసేది."

ఆమెను బయటికి పొమ్మన్నాను. అబద్ధమే అయితే కొట్లాడేవాణ్ణి.

ఈ సంగతి ఇక నా నోట రాదు. ఎవరూ అడగొద్దు.