అన్నీ ఎడమ చేతులే

మా వదిన కుట్టుషాపు నడుపుతుంది. అందులో ఇస్త్రీ పని నాది. సొంత మరిదినన్న మొహమాటం ఆవిడకు బొత్తిగా లేదు. "ఏమయ్యా, ఆ మడతేంటి? కళ్ళెక్కడ పెట్టుకున్నావ్?" అని పొద్దున్నే నాలుగు చివాట్లు పెడుతుంది. నాకు రోషం పొడుచుకొచ్చి ఆ కోపమంతా గుడ్డల మీద చూపిస్తాను. మడతలు చక్కగా నిలబడతాయి. అలా అవుతుందని ఆవిడకు ముందే తెలుసు.

కాజాలు కుట్టే అమ్మాయి దగ్గర మాత్రం అదే నోరు తేనె ఒలకబోస్తుంది. ఆ పిల్లను ఒక్క మాటంటే చాలు, సూది పక్కన పెట్టి కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. అందుకని వదిన మాటిమాటికీ వెళ్ళి "ఎంత బాగా కుట్టావే బంగారం" అంటుంది. వింటుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక గుడ్డలు కత్తిరించే పెద్దాయన, మా కత్తెర బాబాయి. వెనక ఎవరైనా నిలబడితే ఆయన చెయ్యి ఆగిపోయేది. "పనుంటే చెప్పి వెళ్ళమ్మా" అని మొహం మీదే అనేవాడు. దాంతో వదిన ఆయన బల్ల వైపు వెళ్ళడమే మానేసింది. గుడ్డలు, కొలతలు నా చేత పంపేది.

మొన్న బడిపిల్లల చొక్కాల పని వచ్చింది. బాబాయి కత్తిరించిన చేతులు జతచేస్తూ కాజాల అమ్మాయి "అన్నీ ఎడమవే" అంది. గుడ్డను రెండు పొరలు ఎదురెదురుగా వేసి కోస్తే కుడీ ఎడమా రెండూ వస్తాయి. ఈయన పొరలన్నీ ఒకేవైపు పరిచి కోసేశాడు. కొత్తగా కత్తెర పట్టినవాళ్ళు చేసే తప్పు అది.

అన్నయ్య మండిపడ్డాడు. "ఆయన పనైపోయింది. సాయంత్రానికల్లా పంపించెయ్" అని వదినకు చెప్పి వెళ్ళిపోయాడు. వదిన మధ్యాహ్నం దాకా అటూ ఇటూ తిరిగింది. నన్ను తిట్టడం కూడా మర్చిపోయింది. నాకు భయమేసింది.

చివరికి బాబాయి బల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఏమైంది బాబాయ్? మీ పనికి అడ్డం రాకూడదనే కదా, నేనిటు తొంగి కూడా చూడను."

ఆయన పాడైన ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు.

"అప్పుడంటే ఇంటికెళ్తే మీ పిన్ని వాగుతూనే ఉండేదమ్మా. ఇక్కడైనా కాస్త ప్రశాంతంగా ఉంటే చాలనిపించేది. ఆవిడ పోయాక అక్కడా ఉలుకూ పలుకూ లేదు, ఇక్కడా లేదు. గుడ్డ పరుస్తూ పరుస్తూ ఏం చేస్తున్నానో మర్చిపోతున్నా."

వదిన కొంగు నడుముకు దోపింది.

"ఆ ముక్క నోరు తెరిచి చెప్పడానికేం?" అని నన్ను తిట్టే గొంతుతోనే కసిరింది. ఆయన్ని అలా అనడం అదే మొదటిసారి. కొత్త గుడ్డ తాను విప్పి ఒక కొస తనే పట్టుకుంది. పొర మీద పొర వేయిస్తూ, నా మీద చాడీలు చెబుతూ కూర్చుంది. నేను వింటున్నానని తెలిసి మరీ చెప్పింది.

సాయంత్రం అన్నయ్య వచ్చేసరికి కుడి చేతులు బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి. "బాబాయి ఎక్కడికీ వెళ్ళడు" అంది వదిన. అన్నయ్య ఆవిడ మొహం చూసి సరేనని తలూపాడు.

వదిన లేవబోతుంటే బాబాయి కత్తెర తుడుస్తూ, తలెత్తకుండా అడిగాడు.

"రేపు కూడా వస్తావామ్మా?"