కిటికీ వైపు చెయ్యి

బస్సు డ్రైవరు పొద్దున్నే లేచేవాడు. అతని కిటికీ వైపు చెయ్యి మాత్రం లేచేది కాదు. టీ చల్లారేదాకా దుప్పట్లోనే ఉండి, మెల్లగా వేళ్ళు విరుచుకుని, అప్పుడు బయటికొచ్చేది. పెద్దతనం మరి. మనిషికి యాభై దాటితే ఆ చేతికి ఎనభై పైమాటే. ఇన్నేళ్ళూ బస్సు కిటికీ మీద ఆనించి ఎండలో పెడితే, అదొక్కటే ముందుగా ముసలిదైపోయింది. అద్దంలో కనబడేది మొహమే కాబట్టి అతను ఎండ తగలకుండా రాసే క్రీము మొహానికే రాసేవాడు. మొహం ఇప్పటికీ పెళ్ళికొడుకులా ఉంటుంది.

ఇంట్లో అందరూ ఆ చేతిని పెద్దాయన అనేవాళ్ళు. బస్సెక్కేవాళ్ళు కూడా ముందు ఆయన్ని పలకరించి, ఆ తర్వాతే డ్రైవరుతో మాట్లాడేవాళ్ళు. మధ్యాహ్నం డిపోలో ఆయన డ్రైవరు ఒడిలో కునుకు తీస్తూ, కలలో వెనక బండ్లకు దారి ఇస్తుండేవారు. వాన రోజుల్లో ఎప్పటివో వేసవులు ఆయన ఒంట్లోంచి వెచ్చగా పైకి లేచేవి. డ్రైవరు భార్య తడిబట్టలు తెచ్చి ఆ పక్కనే ఆరేసుకునేది.

కూతురికీ బస్సు నడిపే ఉద్యోగమే వచ్చింది. అచ్చం నాన్న పోలికే. అద్దం ముందు మొహానికి ఇంత క్రీము పులుముకుని పరుగో పరుగు. చెవులూ మెడా చేతులూ గాలికి వదిలేసేది. తల్లి మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది. పెద్దాయనకు నోరు లేదు కదా, గుమ్మంలో అడ్డం పడేవారు. మబ్బు పట్టిన రోజైనా సరే, వణికే వేళ్ళతో ఆమె చేతుల పొడుగునా, మెడ చుట్టూ, చెవుల వెనకదాకా క్రీము రాసి గానీ వదిలేవారు కాదు. ఆమె సణుగుతూనే నిలబడేది.

ఒకరోజు ఆ వేళ్ళు చెవి వెనక ఆగిపోయాయి. వణుకు కూడా లేదు.

"నాన్నా, ఆయనకి చెప్పు, నాకు టైమైపోతోంది."

తండ్రి తన చేతిని లాక్కోబోయాడు. రాలేదు. వంగి చూస్తే, జుట్టు మొదట్లో పెసరగింజంత నల్లమచ్చ, అంచులు చెదిరిపోయి ఉంది. ఆ రోజు ఇద్దరూ డ్యూటీకి వెళ్ళలేదు.

చర్మం డాక్టరమ్మ మచ్చను కోసి పరీక్షకు పంపింది. ఫలితం రాగానే ఇద్దరినీ పిలిపించింది.

"మంచి మచ్చ కాదమ్మా. మొదట్లోనే దొరికింది కాబట్టి మొత్తం తీసేశాను. ఇంకో ఏడాది ఆగుంటే నా చేతుల్లో ఉండేది కాదు. చెవి వెనక ఎవరు చూశారు?"

కూతురు తండ్రి ఒళ్ళోకి చూసింది. పెద్దాయన నిద్రపోతున్నారు. డాక్టరమ్మ గొంతు తగ్గించి మిగతా జాగ్రత్తలు చెప్పింది.

మర్నాడు తండ్రి కళ్ళు తెరిచేసరికి కూతురు మంచం పక్కన కూర్చుని ఉంది. పెద్దాయన్ని దుప్పట్లోంచి మెల్లగా తీసి, భుజం నుంచి గోళ్ళదాకా క్రీము రాస్తోంది.

"ఇంకా దానికెందుకే, ఎండలన్నీ అయిపోయిన చెయ్యి" అన్నాడు తండ్రి.

"నాకు ఈయన ఇంకా చాలాకాలం కావాలి నాన్నా" అంది కూతురు.