ఫోన్ ఎత్తే మనిషి

బస్సు డిపో చేరడానికి ఇంకా మూడు స్టాపులుండగా బడి నుంచి ఫోన్ వచ్చింది. "మీ పాప బీరువాలో దూరి తలుపు పట్టుకుని కూర్చుందండీ. గంటైంది. వెంటనే రండి."

కండక్టరమ్మ ఉన్న టికెట్లు గబగబా కొట్టేసి, డిపోలో మెషీన్ అప్పగించి, కంట్రోలర్ బల్ల ముందు నిలబడింది. ఆయన తలెత్తకుండానే, "ఈ నెల్లో ఇది నాలుగోసారమ్మా. ఇలాగైతే నిన్ను బస్సు మీంచి తీసి షెడ్డులో వెయ్యాల్సొస్తుంది" అన్నాడు. ఆమె "తెలుసు సార్" అని సగం పూట సెలవు కాగితం మీద సంతకం గీకి, ఖాకీ చొక్కాతోనే పరుగెత్తింది.

దారిలో ఆఫీసుకి మూడుసార్లు ఫోన్ చేసింది. అది పిల్లల సంక్షేమ ఆఫీసు. కన్నవాళ్లు చూసుకోలేని పిల్లల్ని హోముల్లో పడెయ్యకుండా, కొన్నాళ్లు పెంచుతామని ముందుకొచ్చిన ఇళ్లకు అప్పగిస్తుంది. దత్తత కాదు. కన్నవాళ్లు కుదుటపడితే పిల్ల వెనక్కి వెళ్లిపోతుంది. ఆ సంగతి తెలిసే, పదకొండు నెలల క్రితం కండక్టరమ్మా, వడ్రంగి పని చేసే ఆమె భర్తా ఒక ఎనిమిదేళ్ల పిల్లను ఇంటికి తెచ్చుకున్నారు. ఏ చిన్న చప్పుడైనా ఎగిరి మూలకు దూరుతుందని వడ్రంగి ఆ పిల్లకు పిచ్చుక అని పేరు పెట్టాడు. పిల్లను అప్పగించిన రోజు ఆఫీసువాళ్లు, "ఏ అవసరమొచ్చినా ఈ నంబరుకి చెయ్యండి" అన్నారు. ఆ నంబరు మోగుతుంది. మోగి మోగి ఆగిపోతుంది.

బడిలోని ఆటవస్తువుల గదిలో వాచ్‌మన్ బీరువా తలుపు ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పక్కన హెడ్‌మిస్ట్రెస్.

"ఎవరేమీ అనలేదండీ. గేటు ముందు తెల్ల బండి ఆగింది. పుస్తకాలు దింపడానికొచ్చింది. అది చూసి ఒకటే పరుగు. ఆపబోయిన టీచరు చెయ్యి కొరికేసింది."

కండక్టరమ్మకు అర్థమైంది. వీళ్లింటికి రాకముందు పిచ్చుక నాలుగిళ్లు మారింది. మారిన ప్రతిసారీ ఆ ఇంటివాళ్లు ఏదో కాగితం మీద సంతకం పెట్టేవాళ్లు, పట్టపగలు ఒక తెల్ల బండి వచ్చేది. ఎందుకో ఎక్కడికో చెప్పేవాళ్లు లేరు. నాలుగో ఇంట్లో అన్నం తింటుండగా, కంచం ముందు నుంచి లేపి తీసుకెళ్లారట.

ఆమె నేలమీద కూలబడి తలుపు దగ్గర నోరు పెట్టింది. "నేనేనే."

లోపల కదలిక. "బండి పోయిందా?"

"పోయింది. అది పుస్తకాల బండి."

"నువ్వు సంతకం పెట్టావా?"

"లేదు."

"రేపు పెడతావా?"

కండక్టరమ్మ నుదురు తలుపుకి ఆనించింది. వారం క్రితం, మూడు రోజులు వరసగా కంటిమీద కునుకు లేక, "నావల్ల కాదయ్యా, ఇచ్చేద్దాం" అని మొగుడితో అన్న మాట నిజం. గోడకవతల ఉన్న పిల్ల నిద్రపోయిందనే అనుకున్నారు.

"రేపూ పెట్టను. ఎల్లుండీ పెట్టను."

చాలాసేపటికి తలుపు బెత్తెడు తెరుచుకుంది.

బయటికొస్తుంటే హెడ్‌మిస్ట్రెస్ గొంతు తగ్గించి, "పాపని చెడ్డపిల్ల అననమ్మా. భయపడిన పిల్లని ఎలా పట్టుకోవాలో మాకెవరూ నేర్పలేదు. ఇంకోసారి ఇలా జరిగితే మాత్రం పేరు కొట్టెయ్యక తప్పదు" అంది. ఎలా పట్టుకోవాలో కండక్టరమ్మకు మాత్రం ఎవరు నేర్పారు?

మూడింటికి ఆఫీసు హాల్లో మీటింగు. కొత్త కుటుంబాలను పోగు చెయ్యడానికి పెట్టారు. కండక్టరమ్మ మాట్లాడాలని పది రోజుల ముందే మాట తీసుకున్నారు. వడ్రంగి ఊరవతల పనిలో ఉన్నాడు, పిల్లను వదిలే చోటు లేదు. వెంటబెట్టుకునే వెళ్లింది.

గుమ్మంలో ఎదురైంది కేసులు చూసే అమ్మాయి. చంకలో ఫైళ్లు, చేతిలో ఆగకుండా మోగుతున్న ఫోను. "మీ కాల్స్ చూశానక్కా. ఆస్పత్రిలో ఇంకో పాప దగ్గరున్నాను. ఎత్తలేకపోయాను."

"నీ కింద ఎంతమంది పిల్లలు?"

"అరవై రెండు."

నోటిదాకా వచ్చిన కోపాన్ని ఎవరిమీద విసరాలో తెలియక కండక్టరమ్మ మింగేసింది.

ఆఫీసరు గారు ఆమెను పక్కకు పిలిచి టైపు చేసిన కాగితం చేతిలో పెట్టాడు. "నాలుగు ముక్కలేనమ్మా. చూసి చదివెయ్యండి."

ఆమె చదువుకుంది. పాప రాకతో మా ఇల్లు కళకళలాడింది. ఆఫీసు వారు అడుగడుగునా మాకు అండగా నిలిచారు.

"మొదటిది చదువుతాను సార్. రెండోది నా నోట రాదు."

"ఇది ఫిర్యాదులు చెప్పే చోటు కాదమ్మా." ఆయన నుదురు తుడుచుకున్నాడు. "కిందటేడు మనకి పధ్నాలుగు కుటుంబాలుండేవి. వాళ్లలో తొమ్మిది కుటుంబాలవాళ్లు పిల్లల్ని వెనక్కిచ్చేశారు. ఇవాళ వచ్చిన ముప్ఫైమందిలో సగం మందైనా సంతకం పెట్టకపోతే పైవాళ్లకి నేనేం చెప్పాలి? మీరు వీళ్లని భయపెట్టకండి."

"ఆ తొమ్మిది మంది ఎందుకిచ్చేశారో అడిగారా?"

ఆయన ముఖం బిగుసుకుంది. "మీకు మరీ కష్టంగా ఉంటే చెప్పండి. పాపని హోముకి మార్చేద్దాం. బండి బయటే ఉంది."

పిచ్చుక వేళ్లు కండక్టరమ్మ మణికట్టులోకి దిగబడ్డాయి. గోళ్లు గుచ్చుకుంటున్నా ఆమె చెయ్యి లాక్కోలేదు. అలాగే మైకు దగ్గరికి నడిచింది.

"పాప రాకతో మా ఇల్లు కళకళలాడింది," అంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. "ఇది నిజం. ఇంకో నిజం కూడా చెప్తా వినండి. మొదటి రెండు నెలలు ఈ పిల్ల మంచం కింద పడుకుంది. మా ఆయన కూడా కిందే పడుకునేవాడు, తోడుగా. అన్నం దాచుకునేది, దిండు కింద చీమలు పట్టేవి. తిట్టాలో ముద్దుచెయ్యాలో మాకు తెలీదు. పిల్లలతో మాట్లాడే డాక్టరమ్మ వస్తుందన్నారు. ఆ కుర్చీ ఏడాదిగా ఖాళీ. జ్వరమొస్తే, మూర్ఛలా వస్తే ఫోన్ చేశాం. ఎవరూ ఎత్తలేదు..."

మైకు చప్పున ఆగిపోయింది. ఆఫీసరు గారు బంట్రోతుకి సైగ చేశాడు.

కండక్టరమ్మ ఒక్క క్షణం ఆ మైకు వంక చూసింది. పంతొమ్మిదేళ్లుగా, వంద మంది కుక్కుకున్న బస్సులో, ఇంజను మోతమీద, ముందు డోరు నుంచి వెనక సీటుదాకా వినబడిన గొంతు ఆమెది.

"ఎవరూ ఎత్తలేదు!" అంది. వెనక వరసలో కునుకు తీస్తున్న పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. ఒకరిద్దరు నవ్వారు. నవ్వు వెంటనే ఆగిపోయింది.

ముందు వరసలోంచి, మెడలో టేపు తీయకుండానే వచ్చేసిన దర్జీ ఒకావిడ లేచింది. "మరి అంత కష్టమైతే ఇంకా ఎందుకు ఉంచుకున్నారమ్మా?"

"వారం కింద ఇచ్చేద్దామనుకున్నా," అంది కండక్టరమ్మ. మణికట్టు మీద వేళ్లు సడలాయి. అది ఆమెకు గోళ్లకన్నా ఎక్కువ నొప్పి పెట్టింది. వంగి పిల్ల కళ్లలోకి చూస్తూనే మిగతా మాట చెప్పింది. "అలిసిపోయి అన్నానమ్మా. నువ్వు వద్దని కాదు. నాకు తోడు లేక." తర్వాత నిటారుగా నిలబడింది. "మేము మంచివాళ్లమై ఉంచుకోలేదు. ఈ పిల్లకి మేము అలవాటయ్యాం, మాకు ఈ పిల్ల అలవాటైంది. ఇంకో ఇల్లు మారిస్తే ఇక ఎవర్నీ నమ్మదు. పిల్లల్ని ప్రేమించమని మాకు చెప్పక్కర్లేదు సార్. ఆ పని మేం చేస్తాం. మాకు కావాల్సింది ఫోన్ ఎత్తే మనిషి."

కుర్చీలు కిర్రుమన్నాయి. భార్యాభర్తలొకరు తలవంచుకుని వెళ్లిపోయారు. వాళ్ల వెనక ఇంకొందరు. గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కునే చప్పుడు చాలాసేపు వినబడింది. చివరికి పదకొండు మంది మిగిలారు.

"చూశారా మీరు చేసిన పని?" అన్నాడు ఆఫీసరు గారు. మిగిలినవాళ్ల వైపు తిరిగి ఫారాలు చాచాడు. "మీరైనా రండి. సంతకం పెట్టండి."

దర్జీ ఫారం అందుకుంది, రెండువైపులా తిప్పి చూసింది, తిరిగి బల్లమీద పెట్టింది. "పిల్లని తీసుకోవాలనే వచ్చాను సార్. ఇంట్లో మంచం కూడా వేశాను. కానీ ఇప్పుడు పెట్టను. ఆవిడ అడిగినవి ఇందులో రాసి తీసుకురండి, పెడతాను. అందాకా ఇక్కడే కూర్చుంటా."

కూర్చుంది. మిగతా పదిమందీ లేవలేదు.

"మీటింగు అయిపోయింది," అన్నాడు ఆఫీసరు గారు. కేసులు చూసే అమ్మాయిని పిలిచాడు. "ఆ కుర్చీలు మడిచి లోపల పెట్టించు."

ఆ అమ్మాయి ఖాళీ వరసల మధ్య నుంచి నడిచింది. ఒక కుర్చీ మీద చెయ్యి వేసింది. మడవడానికి వంగింది. తర్వాత ఆ కుర్చీని దర్జీ పక్కకి జరిపి, ఫైళ్లు నేలమీద పెట్టి, అందులో కూర్చుంది.

ఆఫీసరు గారు దర్జీ బల్లమీద పెట్టిన ఫారం ముందు పెన్ను మూత తీసి పట్టుకుని అలాగే నిలబడ్డాడు.