నీలం తగ్గని నీళ్ళు

హోల్గర్ గాజుగొట్టాన్ని ఊపి కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకున్నాడు. మళ్ళీ ముదురు నీలమే. చేపలతొట్టి నీళ్ళలో, తినగా మిగిలిన మేత కుళ్ళి పుట్టే ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే పరీక్ష మందుచుక్కలు అంత నీలంగా మారతాయి. అది పేరుకుంటే నాచుకు పండగే. మొక్కల ఆకులు అప్పుడే పచ్చటి పొర కింద ఊపిరాడక వాడిపోతున్నాయి.

చేయాల్సినవన్నీ చేశాడు. మేత తగ్గించాడు. గడ్డకట్టిన పురుగుల మేతను టీ వడకట్టే జాలీలో కడిగి మరీ వేశాడు. కుళాయి నీళ్ళను కూడా అనుమానించాడు, పాపం అవి శుభ్రంగానే ఉన్నాయి. నీళ్ళ మీద సన్నటి నూనెతెట్టు ఎక్కడిదో కూడా అంతుపట్టలేదు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, బ్రెమెన్ నగర ట్రాముల షెడ్డులో బోగీలు కడుగుతూ జుట్టు నెరిసిన మనిషి. సొంతింట్లో నీళ్ళు తన మాట వినకపోవడం అతనికి అవమానంగానే ఉంది. తొట్టిని ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటూ పనికి వెళ్ళాడు.

షెడ్డులో కడిగే యంత్రం మొరాయించడంతో మధ్యాహ్నానికే తిరిగొచ్చాడు. పై అంతస్తు పెద్దావిడ టెష్ గారు తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అతను లేనప్పుడు వచ్చే పార్సిళ్ళు లోపల పెట్టడానికి ఆవిడ దగ్గర ఈ ఇంటి తాళంచెవి ఒకటి ఉంటుంది. ఒళ్ళో పూలంచు పళ్ళెం, అందులో వెన్నకేకు. ఒక ముక్క తుంచి నీళ్ళలో వేశారు.

"అయ్యో, ఇదేం పని టెష్ గారూ!"

ఆవిడ గతుక్కుమన్నారు. "కాఫీ వేళ కదయ్యా. ఇంతమంది నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే నేనొక్కదాన్నే ఎలా తినను?"

కోపం నోటిదాకా వచ్చింది. కానీ భర్త పోయాక ఆవిడతో కూర్చుని కాఫీ తాగిన మనిషెవరూ హోల్గర్‌కు గుర్తు రాలేదు.

"ఏది బాగా తింటుంది?" అని అడిగాడు. నిజంగానే తెలుసుకోవాలనిపించింది.

"అదుగో, ఆ మీసాలది. అచ్చం మా ఆయనే! కడుపు నిండినా లేచేవాడు కాదు."

అతను నవ్వాపుకోలేకపోయాడు. "ఇకనుంచి గోరంత ముక్కే వెయ్యండి" అని తనూ కుర్చీ లాక్కున్నాడు.

తొట్టిని ఇచ్చేసే ఆలోచన మానుకున్నాడు. నీళ్ళు మార్చినప్పుడల్లా ఇంకో బకెట్టు ఎక్కువ మోశాడు. ఆవిడ గోరంతకు ఒప్పుకున్నారే గాని, నీలం తగ్గలేదు. అతనూ అడగలేదు.

చలికాలం చివర్లో టెష్ గారు నిద్రలోనే పోయారు.

కొన్నాళ్ళు హోల్గర్‌కు తొట్టివైపు చూడబుద్ధి కాలేదు. తర్వాత ఒక శనివారం చుక్కలు వేసి ఊపాడు. రంగు రాలేదు. మందు పాతబడిందేమోనని కొత్త సీసా తెచ్చి మళ్ళీ చూశాడు. ఇన్నాళ్ళూ కోరుకున్న నీళ్ళు అవే. చూస్తుంటే దుఃఖం ముంచుకొచ్చింది.

తొట్టి పక్కన ఆవిడ వదిలి వెళ్ళిన పళ్ళెంలో గొట్టాన్ని ఉంచాడు. దానిలోంచి అంచు పూలు ఒక్కొక్కటీ స్పష్టంగా కనిపిస్తున్నాయి.