లోర్న్ దవడ, ఐరీన్ ఆవులు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. మా ఆయన నోరు ఎంత మంచిదో నాకు తెలీదు గానీ, మా ఇంట్లో కూడు మాత్రం ఆ నోటి చలవే. లోర్న్ కెనడాలోని సస్కాచెవాన్‌లో పశువుల వేలం వేస్తాడు. ఊపిరైనా తీసుకోకుండా, రేకుల మీద వడగళ్లు పడ్డట్టు ధరలు కురిపిస్తాడు. అలాంటివాడికి ఈ చలికాలంలో దవడ పట్టేసింది. చెవి ముందరి కీలు టక్కుమంటుంది, చెంపలు లాగేస్తాయి, నోట్లో రెండు వేళ్లు పట్టడమే గగనం. మాంసం మానేసి సూపు తాగుతున్నాడు.

సరిగ్గా అప్పుడే పక్క పొలం ఐరీన్ వచ్చింది. భర్త ఎర్నీ పోయాక ఒంటరిగా చేసుకోలేక మందనంతా అమ్మేస్తోంది.

"మంచు కరిగాక అమ్మకం. నువ్వే వెయ్యాలి తమ్ముడూ. ఎర్నీ పెట్టిన పేర్లతో ఒక్కోదాన్నీ పిలిచి అమ్మాలి. ఎవడో బయటివాడి చేత అమ్మించను."

లోర్న్ సరేనని తలూపాడు. తలూపడానికి దవడతో పనేముంది!

మర్నాడే అతన్ని ఫిజియోథెరపిస్టు మాక్సీన్ దగ్గరికి లాక్కెళ్లాను. ఆ అమ్మాయి చేతికి తొడుగు వేసుకుని, నోట్లో వేలు పెట్టి, చెంప లోపలి కండరాన్ని మెల్లగా నొక్కి వదులు చేసింది. తడిగుడ్డతో వేడి కాపడం పెట్టమంది.

"నాలుక అంగిలికి ఆనించండి. పెదాలు కలవొచ్చు, పళ్లు మాత్రం తగలకూడదు. అలాగే ఉంచి నిదానంగా నోరు తెరవండి" అని అద్దం ముందు చేయించింది.

ఇంట్లో అన్నీ బుద్ధిగా చేసేవాడు. దవడ వదులయ్యేది కూడా. తీరా క్లినిక్కు చేరేసరికి చెంప మళ్లీ రాయి! నాకు ఒళ్లు మండిపోయేది. ఒకరోజు ట్రక్కు అతను నడుపుతుంటే పక్కన కూర్చుని చూశాను. రోడ్డు పక్కన కంచె గుంజ దాటిన ప్రతిసారీ అతని చెంప కండరం ఎగిరిపడుతోంది.

మా వైపు వేలంవాళ్లందరికీ ఇదో పిచ్చి. బండి నడుపుతూ కంచె గుంజలమ్మి సాధన చేస్తారు. ఒక్కో గుంజా ఒక్కో ఆవు. అది దాటిపోయేలోపు అమ్ముడుపోవాలి.

"గుంజలు అమ్ముతున్నావు కదూ?"

"నేనసలు నోరు తెరిస్తేగా!"

"తెరవకుండా లోపలే పళ్లు నూరుతున్నావు మహానుభావా!"

ఈ సంగతి చెప్తే మాక్సీన్ పగలబడి నవ్వింది. "మానొద్దు లోర్న్ గారూ, పైకే అమ్మండి. కాకపోతే మనిషి నడిచినంత నిదానంగా. ప్రతి ఆవుకీ ముందు నాలుక అంగిట్లో పెట్టుకోండి."

"అంత నిదానంగా వేస్తే కొనేవాళ్లు నిద్రపోతారమ్మాయ్."

"పోనివ్వండి. మీ దవడకి కాస్త విశ్రాంతి దొరుకుతుంది."

అమ్మకం రోజు కొట్టం నిండా జనం. మొదటి ఆవు లోపలికొచ్చింది. లోర్న్ నోరు సగం తెరిచాడో లేదో కీలు టక్కుమంది. ఆగిపోయాడు.

"ఏంటి లోర్న్, కొత్త పళ్లు కట్టించుకున్నావా?" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. అందరూ నవ్వారు.

అతను కళ్లు మూసుకుని, నాలుక అంగిట్లో పెట్టి, నిదానంగా నోరు తెరిచాడు. "దీని పేరు మర్టిల్. తుపానులో ఎర్నీ చంకనెత్తుకుని తెచ్చిన దూడ." తర్వాత ధర, ఒక్కో అంకే విడివిడిగా. ఎవరూ నిద్రపోలేదు. వెక్కిరించినవాడు కూడా చెయ్యెత్తాడు. మంద మొత్తం అలాగే అమ్మాడు. చివరికి చొక్కా తడిసింది గానీ నోరు పట్టెయ్యలేదు.

జనం కదిలాక ఐరీన్ వచ్చింది.

"మరీ నిదానమైపోయింది అక్కా, ఏమనుకోకు" అన్నాడు లోర్న్.

"ఇన్నేళ్లు నీ వేలాలకొచ్చాను. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఎంతకి పోయిందని ప్రతిసారీ ఎర్నీనే అడిగేదాన్ని. ఇవాళ ఎవర్నడగాలా అని భయపడుతూ వచ్చాను తమ్ముడూ." కళ్లు తుడుచుకుంది. "అడగాల్సిన పనే పడలేదు."

లోర్న్ ఏదో అనబోయి అనలేకపోయాడు. అందులో దవడ తప్పేమీ లేదు. నాకూ ఏడుపు ఆగలేదు.