పద్నాలుగో సెక్షన్‌లో ఖాళీ సీటు

దైవాశీర్వాదం ఏడేళ్లుగా ఒకే ఒక్క అబద్ధం ఆడుతున్నాడు. తక్కిన విషయాల్లో మనిషి నిక్కచ్చి. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో కార్ల బ్రేకులు పరీక్షించే ల్యాబ్‌లో ఇంజనీరు. అరిగిన బ్రేకుని అరగలేదని రాయమంటే ఉద్యోగమైనా వదులుకుంటాడు గానీ రాయడు. ఆదివారం తెలుగు ఫెలోషిప్‌లో బైబిలు చదివేది అతనే. అలాంటి మనిషి 1979 నవంబరులో జరిగిన ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ మాటెత్తితే చాలు, కళ్ళార్పకుండా కోతలు కోసేవాడు.

ఫుట్‌బాల్ అంటే అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే ఆటకి ఆ పేరెందుకు పెట్టారో దేవుడికే తెలియాలి. గుంటూరు నుంచి వచ్చి హాలిస్ కాలేజీలో ఎమ్మెస్‌కి చేరినప్పుడు మొదటి ఏడాది అతనికి ఆ ఆట తలా తోకా తెలియలేదు. రెండో ఏడాదికల్లా పిచ్చి పట్టింది. ఆ కాలేజీ టీమ్ పేరు హెరన్స్, అంటే మన కొంగలు. కొంగలు గెలిచిన వారం అతని ఇంట్లో కోడి పలావు, ఓడిన వారం చారన్నం.

ఆ మ్యాచ్ డెల్మార్ అనే బద్ధశత్రువుల మీద. మంచు కురుస్తోంది. కొంగలు పదహారు, డెల్మార్ ఇరవై. ఆఖరి సెకండ్లలో కొంగల కుర్రాడొకడు బంతిని గుడ్డిగా విసిరాడు. అది డెల్మార్ వాడి హెల్మెట్‌కి తగిలి పైకి లేచింది. గీత అవతల మంచులో జారి వెల్లకిలా పడిపోయిన ఇంకో కుర్రాడు పడుకునే దాన్ని పొట్టమీద పట్టేశాడు. దాంతో ఆరు పాయింట్లు, ఆట మనది. అప్పటినుంచి దానికి ‘పడుకున్న క్యాచ్’ అని పేరు స్థిరపడిపోయింది.

అది జరిగినప్పుడు దైవాశీర్వాదం స్టేడియంలో లేడు. ఇంకా ఏడు నిమిషాల ఆట ఉందనగా లేచి వచ్చేశాడు. చలికి కాళ్ళు కొంకర్లు పోతున్నాయి, టీమ్ ఎలాగూ ఓడిపోతుంది, ముందే బయటపడితే ట్రాఫిక్ తప్పుతుంది. ఇంతే కారణం. ఇంతకంటే గొప్ప కారణం ఒకటి ఉంటే బాగుండేదని అతనికీ అనిపించేది.

మర్నాడు చర్చిలో, అదే ల్యాబ్‌లో పనిచేసే సుందర్ రాజ్ ఎదురొచ్చి, “వందనాలు బ్రదర్! నిన్న మ్యాచ్‌కి వెళ్ళారుగా, క్యాచ్ చూశారా?” అని చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

“ఆఁ, చూశా” అన్నాడు దైవాశీర్వాదం. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు. ఆ రెండు ముక్కల్ని అతికించడానికి అతనికి ఏడేళ్ళు పట్టింది. ఒక ఏడాది పక్క సీటాయన తనని కౌగలించుకున్నాడు. మరుసటి ఏడాది ఇద్దరూ కలిసి ఏడ్చారు. ఎవరైనా అనుమానంగా చూస్తే సీటు కూడా చెప్పేవాడు: పద్నాలుగో సెక్షన్, ఇరవై రెండో వరుస.

అసలు సంగతి భార్య లూసీ ఒక్కదానికే తెలుసు. కూతురు నవోమికి తెలియదు. మ్యాచ్ జరిగేనాటికి నాలుగేళ్ళ పిల్ల, ఇప్పుడు పదకొండు. ఎన్నిసార్లు చెప్పినా నోరు తెరుచుకుని వినేది. దైవాశీర్వాదానికి భయమల్లా ఆ పిల్ల గురించే. ఊరంతా నవ్వితే నవ్వారు, తన కూతురు తనని ఇంకోలా చూసే రోజొస్తే తట్టుకోలేడు.

1986 నవంబరులో ఆ రోజు రానే వచ్చింది. హాలిస్ అభిమానుల సంఘం వాళ్ళు ‘మన టీమ్ చరిత్రలో గొప్ప ఘట్టాలు’ అని ఒక శనివారం మధ్యాహ్నం చర్చ పెట్టారు. ముందు భోజనాలు, తర్వాత వాదనలు, ఆఖర్న ఓట్లు. ఒక్కో ఘట్టాన్ని కళ్ళారా చూసినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి. సాక్షుల పేర్లు సంఘం పత్రికలో ముందే అచ్చేశారు. పడుకున్న క్యాచ్‌కి సాక్షి దైవాశీర్వాదం, పద్నాలుగో సెక్షన్, ఇరవై రెండో వరుస. ఆ పేరిచ్చింది ఎవరో కాదు, నవోమి. తండ్రిని ఆశ్చర్యపరుద్దామని తనే ఫోన్ చేసి ఇచ్చింది.

ఆ ఉదయం లూసీ హాస్పిటల్ డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మం దగ్గర ఆగింది. “ఏవండీ, ఇవాళైనా చెప్పేయండి. ఏడేళ్ళు మోశారు, చాలదూ?”

“అంతమందిలోనా? దాని ముందా?”

“చెప్పకపోతే ఇంకో ఏడేళ్ళు మోయండి మరి. నాకేం?” అని కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది.

చర్చ ఒక చర్చి బేస్‌మెంట్‌లో. అరవైమంది దాకా ఉన్నారు. భోజనాలయ్యాక సంఘం ప్రెసిడెంటు రే, రిటైరైన పోస్ట్‌మాన్, కుర్చీ మీద గరిటెతో కొట్టి సభ మొదలుపెట్టాడు. అక్కడ అందరూ మాట్లాడింది ఇంగ్లీషే అయినా మనం తెలుగులోనే చెప్పుకుందాం.

“పడుకున్న క్యాచ్ రోజు స్టేడియంలో ఆఖరిదాకా ఉన్నవాళ్ళు చేతులెత్తండి” అన్నాడు రే. యాభై చేతులు లేచాయి. దైవాశీర్వాదం చెయ్యి కూడా సగం లేచింది.

పక్కనున్న సుందర్ రాజ్ అతని చెవిలో, “ఆ స్టేడియంలో పట్టేది ముప్పై వేలమంది బ్రదర్. నాకు తెలిసి చూశామన్నవాళ్ళు మూడు లక్షలున్నారు” అని నవ్వాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు దైవాశీర్వాదం మఫ్లర్ సర్దుకున్నాడు.

వాదన జోరందుకుంది. ముందు వరుసలో కూర్చున్న ముసలావిడ మిసెస్ హాల్వర్సన్ 1958 పక్షం. ఆ ఏడాది కొంగలు తమ గీతకి ఒక్క గజం దూరంలో ఎదుటివాళ్ళని వరసగా నాలుగుసార్లు ఆపేశాయట. “మావాళ్ళు నిలబడి ఆపారు, పడుకుని కాదు!” అని ఆవిడ అనేసరికి సగం హాలు చప్పట్లు, సగం హాలు ఊళలు. వెనకనుంచి కుర్రకారు 1983లో యాభై నాలుగు గజాల నుంచి తన్నిన కిక్కే గొప్పదని అరిచారు. “ఆ రోజు గాలి మనవైపు వీచింది, గాలికి ఇవ్వండి మెడల్!” అని ఎవరో అందుకున్నారు. ఇంకో రోజైతే ఈ గొడవ దైవాశీర్వాదానికి పండగే. ఇవాళ భోజనం పళ్ళెం కూడా ముట్టలేదు.

“ఇక పడుకున్న క్యాచ్” అన్నాడు రే. “మన సాక్షి డేవా.” దైవాశీర్వాదం అన్న పేరు అమెరికా వాళ్ళ నోట అంతే మిగిలింది. “డేవా మాట్లాడేముందు ఒక సర్‌ప్రైజ్. ఆ రోజు అతని పక్క సీట్లో కూర్చున్నాయన మన పత్రికలో సెక్షన్, వరుస చూసి టొలీడో నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చాడు. లెన్ నోవాక్!”

దొంగకి తేలు కుట్టినట్టయింది దైవాశీర్వాదానికి. అరవ్వడానికి లేదు, పారిపోవడానికి లేదు. వెనక కుర్చీలోంచి అరవయ్యేళ్ళ భారీ మనిషి లేచి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ సీటు ఖాళీగా ఉందని భూమ్మీద తెలిసిన పరాయి మనిషి ఆయన ఒక్కడే. నవోమి రెండో వరుసలో వీపు నిటారుగా పెట్టి కూర్చుని ఆయనవైపే చూస్తోంది.

“నేను సాక్ష్యానికి రాలేదు” అన్నాడు లెన్. “ఈయనకి క్షమాపణ చెప్పుకోడానికొచ్చాను.”

ముందు వరుసలవాళ్ళు కుర్చీలు తిప్పుకుని ఆయనవైపు కూర్చున్నారు.

“ఏడు నిమిషాల ఆట ఉందనగా ఈయన లేచాడు. నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చి ‘ఐ విల్ కమ్’ అన్నాడు. కాఫీకనుకున్నాను. ఎవరూ కూర్చోకుండా సీటు మీద నా దుప్పటి పరిచి కాపలా కాశాను. ముగ్గుర్ని తోలేశాను కూడా. ఈయన రాలేదు. ఆఖర్న ఒక పెద్దాయన మెట్లమీద నిలబడలేక అవస్థ పడుతుంటే మనసాగక ఆ సీటు ఆయనకిచ్చేశాను. మరుక్షణమే క్యాచ్.” లెన్ దైవాశీర్వాదం వైపు తిరిగాడు. “ఈయన కాఫీ పట్టుకుని వచ్చి, సీటు పోయిందని చూసి, ఆ జనం వెనక ఎక్కడో ఇరుక్కుపోయి ఉంటాడు. వస్తానని చెప్పి వెళ్ళినవాడి సీటు ఇచ్చేశాను. నావల్ల ఈయన ఏమీ చూడలేకపోయాడేమోనని ఏడేళ్లుగా బాధ. నన్ను మన్నించండి, డేవా.”

చూశారా దేవుడి చిత్రం! మునిగిపోతున్నవాడికి పడవే ఎదురొచ్చింది. ‘పరవాలేదు లెన్, నేను వెనక మెట్లమీంచి చూశాను’ అంటే చాలు. అబద్ధానికి గట్టి సాక్షి, అదీ తెల్లవాడు, టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇక జన్మలో ఎవరూ అడగరు. ఆ మాట దైవాశీర్వాదం నాలిక చివరిదాకా వచ్చింది.

కానీ లెన్ ముఖం చూశాడు. ఏ పాపమూ ఎరగని మనిషి, తను ట్రాఫిక్ తప్పించుకోవాలనుకున్నందుకు, ఏడేళ్ళు కుమిలిపోయాడు. తన అబద్ధం తన మెడకే చుట్టుకుంటే అదొక ఎత్తు. ఇంకొకడి బతుకులో ముల్లయి కూర్చుందని తెలిసి ఎలా ఊరుకుంటాడు? బ్రేకు అరిగింది, అరిగిందనే రాయాలి.

లేచి నిలబడ్డాడు. నవోమివైపు చూడలేదు. చూస్తే మాట రాదని తెలుసు.

“లెన్, మీ తప్పేమీ లేదు. నేను తిరిగి రాలేదు. ఇంటికి బయల్దేరిపోయాను.”

“వస్తానన్నారు కదా?”

“అదే నేను చేసిన పొరపాటు. మా భాషలో ఎవరి దగ్గరైనా సెలవు తీసుకునేటప్పుడు ‘వెళ్తాను’ అనకూడదు. అది అశుభం, మళ్ళీ రానివాడి మాట. అందుకని ‘వస్తాను’ అంటాం. వెళ్ళిపోతూ అంటాం. మళ్ళీ జన్మలో ఆ మొహం చూడమని తెలిసినా అంటాం. నేను దాన్నే ఇంగ్లీషులో అన్నాను.”

లెన్ వేలితో తలుపు చూపించాడు. “అంటే, పోయేవాడు వస్తానంటాడా?”

“అంటాడు.”

“మరి నిజంగా వచ్చేవాడు ఏమంటాడు?”

“వాడూ వస్తాననే అంటాడు” అన్నాడు దైవాశీర్వాదం దీనంగా.

సుందర్ రాజ్ తల ఊపి, “నిజమేనండీ, మేమంతా అంతే” అని వంత పాడాడు. లెన్ పొట్ట ముందు కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి, ఆ తర్వాత ఆ భారీ మనిషి కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. “ఏడేళ్ళు! ఏడేళ్ళు కాపలా కాశానయ్యా నీ సీటుకి!” అన్నాడు. ఆయన ముఖంలోంచి పెద్ద బరువేదో దిగిపోవడం అందరికీ కనిపించింది.

“మరి క్యాచ్ అప్పుడు ఎక్కడున్నావు?” అంది మిసెస్ హాల్వర్సన్.

“కారులో. పార్కింగ్ లాట్ దాటలేదు. రేడియోలో విన్నాను. సంతోషం పట్టలేక స్టీరింగ్ మీద గుద్దితే హారన్ మోగింది. వెంటనే పక్క కారు మోగింది, దాని వెనకది మోగింది. చూస్తే లాటంతా కార్లే, అన్నిట్లోనూ నాలాంటివాళ్ళే. అందరం హారన్ల మీద చేతులు పెట్టి, గెలిచామని నవ్వుతూ, చూడలేదని ఏడుస్తూ కూర్చున్నాం. ఏడేళ్ళనుంచి చూశానని చెప్తున్నాను. చూడలేదు. నన్ను క్షమించండి.”

రే గరిటె కింద పెట్టి బుర్ర గోక్కున్నాడు. “ఎర్ర పికప్ ట్రక్కు చూశావా? గేటు దగ్గర?”

“ఆఁ, రెండో హారన్ దానిదే.”

“అది నాదే” అన్నాడు రే, నేల చూపులు చూస్తూ.

ఇక ఆగలేదు. ఒకడు మూడో క్వార్టర్లోనే వెళ్ళాడట. ఒకడు అసలు ఒహాయోలో పెళ్ళిలో ఉన్నాడట. మిసెస్ హాల్వర్సన్ కర్ర నేలకేసి కొట్టి, మళ్ళీ చేతులెత్తమంది. యాభై కాస్తా పదకొండయింది. అయినా ఓట్లు లెక్కపెడితే పడుకున్న క్యాచే గెలిచింది. చూసినవాళ్ళు చూసినందుకు వేశారు, చూడనివాళ్ళు ఎక్కడుండి చూడలేదో గుర్తున్నందుకు వేశారు. ఆవిడ మాత్రం మెషీన్ పెట్టి లెక్కించినా 1958దే గొప్పదని తేల్చేసింది.

దైవాశీర్వాదానికి ఒళ్ళు దూదిపింజలా తేలికైపోయింది. లెన్ ఈసారి నిజంగానే కౌగలించుకున్నాడు. ఆకలి కూడా వేసింది, ‘యాపిల్ పై’ రెండు ముక్కలు తిన్నాడు. కానీ నవోమి మాత్రం అతనివైపు చూడకుండా కోటు వేసుకుంది. కారెక్కాక కూడా కిటికీలోంచి బయటికే చూస్తోంది. రెండు సిగ్నళ్ళు దాటేదాకా అతనికి ధైర్యం చాలలేదు.

“నోమీ, డాడీ మీద కోపమొచ్చిందా తల్లీ?”

“నో డాడీ.”

“సిగ్గనిపించిందా?”

పిల్ల తల అడ్డంగా ఊపింది. “డాడీ, నేను కూడా లై చెప్పాను. స్కూల్లో.”

“ఏం చెప్పావమ్మా?”

“ఆ మ్యాచ్‌కి నేను కూడా వచ్చాను అని. మీ షోల్డర్స్ మీద కూర్చుని చూశాను అని. థర్డ్ గ్రేడ్ నుంచీ చెప్తున్నాను. రే అంకుల్ గ్రాండ్‌డాటర్ నా క్లాసే, ఇవాళ అక్కడే ఉంది. మీ పేరు ఇచ్చేసినాక గుర్తొచ్చింది, ఎవరైనా మిమ్మల్ని ‘నవోమి కూడా వచ్చిందా’ అని అడుగుతారు అని. నిన్న నైట్ నిద్రే పట్టలేదు డాడీ.”

దైవాశీర్వాదం కారు పక్కకి తీసి ఆపేశాడు. తను ఆ పిల్ల కళ్ళకి జడిసి నిలబడ్డ గంటసేపూ, ఆ పిల్ల తన నోటికి జడిసి కూర్చుందన్నమాట. నవ్వాలో, మందలించాలో, తను మందలించడానికి తగునో తగదో తెలియక కూతుర్ని దగ్గరికి లాక్కున్నాడు. నవోమి అతని కోటులో మొహం పెట్టి కాసేపు వెక్కింది. ఆ వెక్కిళ్ళు మధ్యలో ఎక్కడో నవ్వులోకి దిగాయి.

“మరి ఇప్పుడేం చేస్తావు?” అన్నాడు.

“మండే చెప్పేస్తాను.” ముక్కు తుడుచుకుంది. “డాడీ పార్కింగ్ లాట్‌లో ఉన్నారు, నేను ఇంట్లో నిద్రపోతున్నాను అని.”