ఎద్దుగిట్టల గుర్రాలు

పైన వెండిరంగు, దాని కింద ఎరుపు, ఎరుపు కింద పచ్చ. ఏ తిరునాళ్ళకు ఏ రంగు దొరికితే అది పూసుకుంటూ పోయినట్టున్నారు. అన్నిటికీ అడుగున వేపచెక్క బయటపడ్డాక హయాత్ ఉలి పక్కన పెట్టి, గుర్రం గిట్టను ఒళ్ళోకి తీసుకున్నాడు. నట్టనడుమ చీలిక. అచ్చం ఎద్దు గిట్టే.

అది ఆయన తండ్రి మాలిక్ చేసిన తప్పు. కనిగిరిలో బండ్లు చేసుకుంటూ, ఎడ్లకు నాడాలు కొట్టుకుంటూ బతికిన మనిషి. రంగులరాట్నం ఆసామి వచ్చి గుర్రాలు చెక్కిపెట్టమంటే మొహం, జూలు, తోక జట్కాగుర్రాన్ని చూసి చెక్కాడు. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చూడాలనే తోచలేదు. పొద్దస్తమానం పట్టుకునే గిట్టలే చేతిలోంచి దిగిపోయాయి. తిరునాళ్ళలో జనం పడీపడీ నవ్వారు. మాలిక్ సాయిబు ఎద్దుగుర్రాలని పేరే పడిపోయింది. ఆయనేమో తగ్గేవాడు కాదు. "మన నల్లరేగడిలో ఒంటిగిట్ట దిగబడితే పైకి రాదురా. నా గుర్రం వస్తుంది," అనేవాడు.

ఆ రాట్నాన్నే ఇప్పుడు సింగరాయకొండ దగ్గర, హైవే పక్కన కొత్తగా కట్టే పార్కువాళ్ళు కొన్నారు. పాత వస్తువంటే జనం ఎగబడి ఫొటోలు దిగుతారట. బాగుచెయ్యడానికి రమ్మని కబురొస్తే హయాత్ చేతిలో ఉన్న ద్వారబంధాల పని పక్కన పడేసి బయల్దేరాడు.

"రాట్నం పక్కన నాన్న పేరు రాయించి గానీ రాను," అన్నాడు భార్య జుబేదాతో.

"ఆ గుర్రాలు మామగారు చేసినవని వాళ్ళకెవరు చెప్తారండీ?"

"గిట్టలు చెప్తాయి."

రంగులు వెయ్యబోయే ముందు మేనేజరు లక్ష్మీకాంత్ చూడవచ్చాడు. తెల్ల బూట్లకు దుమ్మంటకుండా అడుగులో అడుగేస్తూ గుర్రాల చుట్టూ తిరిగి, ఒక కాలి దగ్గర ఆగాడు.

"ఇదేంటి మేస్త్రీ, గుర్రానికి గేదె కాలు పెట్టారెవరో!"

"గేదెది కాదు సార్, ఒంగోలు ఎద్దుది. పెట్టింది మా నాన్న. బోర్డు మీద ఆయన పేరు రాయించమని మిమ్మల్ని అడుగుదామనే..."

"ఆ సందులు పూడ్చేయండి."

"సార్?"

"ఎవడో ఒకడు రీల్ తీసి పెడతాడు. నవ్వులపాలైపోతాం."

"నవ్వనీయండి సార్. అప్పుడూ నవ్వారు. నవ్వుతానే ఎక్కారు."

లక్ష్మీకాంత్ ఫోను తీసి చూపించాడు. అప్పటికే తయారైన బోర్డు. దాని మీద ‘వందేళ్ళనాటి జర్మనీ రంగులరాట్నం’ అని ఉంది.

"జర్మనీయా! కనిగిరి సార్ ఇది!"

"కనిగిరి అంటే ఎవడండీ కారు దిగేది? పెద్దసారుకు జర్మనీ నచ్చింది. జర్మనీవాడు ఎద్దుగిట్ట చెక్కుతాడా చెప్పండి?"

"నా చేత్తో నేను పూడ్చను."

"మీ ఇష్టం. ఫైబర్ గుర్రాలు తెప్పించుకుంటాం. వీటిని పొగాకు ఎండబెట్టే బారన్‌వాళ్ళు పొయ్యిలోకి కట్టెల కింద అడుగుతున్నారు." కోపంగా అనలేదు. టీ చెప్పమంటారా అన్నంత మామూలుగా అన్నాడు.

హయాత్ ఆ పూటంతా బీడీలు తగలేస్తూ కూర్చున్నాడు. పేరు పోతే పోయింది, గుర్రమన్నా తిరుగుతుంది కదా అనుకుని లేచాడు. చింతగింజల జిగురు కాచి, మెత్తటి రంపపు పొట్టు కలిపి ముద్ద చేశాడు. పగిలిన చెక్కకు పెట్టమని తండ్రి నేర్పిన ముద్దే. జిగురు పలచన చేస్తే రెండు ఎండలకు పగిలి రాలిపోతుంది, మళ్ళీ చీలిక పైకొస్తుంది. ఆ మాటా తోచింది. చెయ్యి ఒప్పుకోలేదు. కూరి, ఎండబెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, మీద నల్లరంగు వేశాడు. పని మహా బాగా కుదిరి చచ్చింది.

పార్కు తెరిచిన రోజున జుబేదా రానంది. "ఏం చూడమంటారు? ఆ బోర్డునా?" అంది. హయాత్ ఒక్కడే వచ్చి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. పక్కన మనవరాలిని ఎత్తుకున్న ముసలి రైతు, రామాంజనేయులట, రాట్నాన్ని చూసి తనలో తనే నవ్వుకుంటున్నాడు.

"ఏం సాయిబూ, మాది కనిగిరి పక్కనేలే. మా చిన్నప్పుడు తిరునాళ్ళలో ఉండేదయ్యా రాట్నం! మాలిక్ సాయిబు ఎద్దుగుర్రాలు. ఎక్కి దిగి, మళ్ళీ ఎక్కేవాళ్ళం."

హయాత్ కమ్మీ వదిలి ఆయనకేసి తిరిగాడు. "ఇవే అవి. నేను మాలిక్ కొడుకునే."

రామాంజనేయులు ఆయన్ని ఎగాదిగా చూశాడు. రాట్నం ఆగగానే పిల్లను దించి, చెయ్యి పట్టుకుని లోపలికి నడిచాడు. వెనకే హయాత్. సంతలో ఎద్దును చూసినట్టు ఒంగి, గిట్ట కింద చెయ్యి పోనిచ్చి తడిమాడు.

"ఊరుకో సాయిబూ. ఎద్దు గిట్ట నాకు తెలీదూ? ఇది ఒంటిగిట్ట."

"నేనే పూడ్చాను."

"పూడిస్తే అతుకన్నా కనబడాలిగా?" కళ్ళజోడు సర్దుకుని బోర్డుకేసి చూశాడు. "జర్మనీ అని రాయనే రాశారు. అయినా ఇంత నున్నటి పని మనవాళ్ళ వల్ల అవుద్దా! పాపం, ఆ పెద్దాయన గుర్రాలు ఏ బారన్‌లో కాలిపోయాయో."

మనవరాలిని గుర్రం మీద కూర్చోబెట్టి, గట్టిగా పట్టుకోమని చెప్పి కమ్మీ అవతలికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఓ పెద్దాయనా, టికెట్ లేనోళ్ళు దిగాలి!" మోటారు దగ్గర్నుంచి ఎవరో కేకేశారు.

హయాత్ అప్పటికే ఆ గుర్రం కాలి దగ్గర కూలబడ్డాడు. చీలిక ఎక్కడుండేదో తెలిసిన వేలితో గిట్టను రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. అతుకు ఆయనకూ తగల్లేదు.